కరక్కాయ గుడ్డ మీద నల్లమచ్చ

సదాశివరావు కారు ఫ్యాక్టరీ గేటు లోపల కనిపించగానే జ్ఞానకుమారి ఆటోవాడిచ్చిన చిల్లర లెక్కపెట్టుకోవడం కూడా మరిచిపోయింది. వెండిరంగు కారు, కొత్తది, సీట్లకు ప్లాస్టిక్ తొడుగు కూడా ఇంకా తియ్యలేదు. ఆవిడ ఢిల్లీ ఆర్.కె. పురంలో బస్సెక్కి, నెహ్రూ ప్లేస్‌లో దిగి, ఆటోవాడితో గొంతు చించుకుని ఓఖ్లా చేరేసరికి, ఆ మహానుభావుడు ఎప్పుడో వచ్చి, టీ తాగి, మీసం కూడా తుడుచుకుని ఉంటాడు.

అసూయ అంటే అసూయే. దానికి ముద్దుపేరు పెట్టుకునే అలవాటు జ్ఞానకుమారికి లేదు. పదిహేనేళ్ళు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి, అది వదిలేసి డిటెక్టివ్ పనిలోకి దిగినప్పుడు, మునీర్కాలో ఒక గది తీసుకుని ఇద్దరూ కలిసే ఏజెన్సీ పెట్టారు. ఆవిడ మనుషుల్ని మాట్లాడించేది. మాజీ పోలీసు సదాశివరావు మనుషుల్ని బెదిరించేవాడు. కొన్నాళ్ళకు అతను విడిపోతూ బల్లా కుర్చీలూ ఉదారంగా ఆవిడకే వదిలేసి, టెలిఫోన్ నంబరు మాత్రం తన పేరున మార్పించుకుపోయాడు. కేసులన్నీ ఆ నంబరుకే వచ్చేవి మరి. ఇప్పుడతనికి సాకేత్‌లో అద్దాల తలుపుల ఆఫీసు ఉంది. టీవీలో అప్పుడప్పుడూ మొహం కనిపిస్తుంది. ఆవిడకు పెళ్ళికొడుకుల వాకబులు మిగిలాయి. ఎవరికైనా కళ్ళు కుట్టవూ?

ఈ అబిగెయిల్ కేసు వాళ్ళిద్దర్నీ మళ్ళీ ఒకచోటికి చేర్చింది.

అబిగెయిల్ మయూర్ విహార్‌లో ఒక ఫ్లాటులో, స్నేహితురాలు భావనతో కలిసి, బట్టల కంపెనీలకు మంచి దారి చూపించే సంస్థ నడుపుతోంది. చిన్నపిల్లల చేత పని చేయించకండి, మనుషుల్ని లోపల పెట్టి తాళాలు వెయ్యకండి, రంగునీళ్ళు శుభ్రం చెయ్యకుండా కాలవలోకి వదలకండి, చెట్ల వేళ్ళతోనూ తొక్కలతోనూ వచ్చే రంగులు వాడండి, ఇవన్నీ చేస్తూ కూడా లాభం ఎలా వస్తుందో నేను చూపిస్తాను. ఇదీ ఆ అమ్మాయి పాట. మొదట్లో యజమానులు నవ్వారు. సరుకు కొనే విదేశీయులు అవే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక, నవ్వినవాళ్ళే ఆమె కోసం కార్లు పంపించారు.

'సహజ్ ఎక్స్‌పోర్ట్స్' యజమాని మల్హోత్రా కూడా అలా దారిలోకి వచ్చినవాడే. ఆమె మాట మీద పెడన నుంచి కలంకారీ మేస్త్రీ కోటయ్యనూ అతని మనుషుల్నీ రప్పించి, ఫ్యాక్టరీ వెనకాల అద్దకం షెడ్డు వేయించాడు. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆ షెడ్డులోనే అబిగెయిల్ తల పగిలి పడి ఉంది. ఇవాళ సోమవారం. ఇంకా తెలివి రాలేదు. ఇవాళో రేపో రావచ్చని డాక్టర్లు అంటున్నారు. వచ్చి ఆమె ఒక్క పేరు చెబితే చాలు, కేసు అయిపోయినట్టే.

అంతదాకా ఆగే ఓపిక మల్హోత్రాకి లేదు. బుధవారం సరుకు కొనే హాలెండు వాళ్ళు వస్తున్నారు. ఈలోపల దోషిని పట్టి పోలీసులకు అప్పజెప్పాలని సదాశివరావుని పెట్టుకున్నాడు. సదాశివరావు కోటయ్యను పట్టాడు. ఆస్పత్రిలో అబిగెయిల్ గది ముందు తన మనిషిని కూడా కాపలా పెట్టాడు.

నిన్న సాయంత్రం భావన వెతుక్కుంటూ ఆర్.కె. పురం వచ్చింది. ముప్పై దాటని పిల్ల, ఫ్యాషన్ డిజైన్ చదివింది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఆంటీ, నేను దీపావళి తర్వాత ఓఖ్లా వెళ్ళనే లేదు. ఫ్యాక్టరీలన్నీ అబ్బీయే చూసేది. నాది ప్రెజెంటేషన్ల పని. ఆ మల్హోత్రా ఏం చేస్తున్నాడో నాకు తెలీదు. కానీ ఆయన మనిషి అబ్బీ రూమ్ ముందు కూర్చోవడం ఠీక్ నహీ హై, బాగాలేదు. ముందు వాణ్ణి తీయించండి, ప్లీజ్."

"ఆ కాపలావాడు సదాశివరావు మనిషి కదూ?" అని ఒక్క ముక్కే అడిగి, కేసు ఒప్పేసుకుంది జ్ఞానకుమారి.

ఇప్పుడు ఫ్యాక్టరీ గార్డు గదిలో కోటయ్య స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నల్లరంగు ఇంకిపోయిన గోళ్ళు. సదాశివరావు ద్వారబంధానికి ఆనుకుని, కారు తాళాలు వేలికి తిప్పుతూ నుంచున్నాడు.

"రండి సిస్టరుగారూ. ఇంజక్షన్ తెచ్చారా? మామూలుగా అడిగితే వీడు నోరు విప్పడం లేదు."

"మీరు అడిగితే నేనూ విప్పను. కాస్త అవతలికి వెళ్తారా?"

"శనివారం పొద్దున ఆ అమ్మాయితో పోట్లాడాడు. గార్డు చూశాడు. ఒంటిగంటకు వీడి మనుషులు ధాబాకి వెళ్ళారు, వీడు వెళ్ళలేదు. ఒంటిగంటన్నరకి అమ్మాయి పడి ఉంది. సాయంత్రం ఐదింటికి పోలీసులకు అప్పగిస్తున్నాను. మీ ముచ్చట మీరు తీర్చుకోండి."

అతను కదిలాక ఆవిడ కోటయ్య ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాది బందరు కోటయ్యా. మీ ఊరు పక్కనే."

అతను తలెత్తాడు. ఆ రెండు రోజుల్లో అతనితో తెలుగులో మెల్లగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే అయి ఉంటుంది.

"పోట్లాట దేనికి?"

"తప్పు నాదేనండమ్మగారూ." తన నల్లటి గోళ్ళ కేసి చూసుకున్నాడు. "సరుకు తొందరన్నారండి. మా నలుపు దిగాలంటే టైము పడుద్ది. ఓ ముప్పై దుప్పట్లకి బజారు రంగు ఏసేశానండి. ఆ అమ్మాయి చెయ్యెట్టి చూసి పట్టేసింది. నా పరువు తీశావు మేస్త్రీ, మొదట్నించీ నా కళ్ళముందే చెయ్యి అందండి. నాకూ రోషమొచ్చింది. నోరు జారాను."

"మొదట్నించీ అంటే?"

"గుడ్డని కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపి నానెయ్యాలండి. అప్పుడుగానీ రంగు పట్టదు. ఇన్నాళ్ళూ మా ఇంటికాడే నానేసి, ఎండేసి, మూటలు కట్టి రైల్లో పంపేవోళ్ళు. ఈ ఊళ్ళో చెయ్యటం ఇదే మొదలు. శనివారం పొద్దున తనే నాలుగు నీలం బక్కెట్లు కొనుక్కొచ్చి, పాలు పోయించింది. గుడ్డ ముంచి తీసి బల్ల మీద పరిచామండి. తర్వాత భోజనాల బెల్లు."

"నువ్వు ధాబాకి ఎందుకు వెళ్ళలేదు?"

"ఫోను బూతుకెళ్ళానండి. మా ఆడదానితో మాట్టాడి, ఈ పని వదిలేసి వచ్చేస్తానని చెప్పా. నన్ను చూసినోళ్ళెవరూ లేరు."

అబద్ధమాడేవాడు కనీసం ఒక సాక్షినైనా కల్పించుకుంటాడని జ్ఞానకుమారికి అనిపించింది. పైగా కోటయ్య దోషి కాకపోతే సదాశివరావు తప్పు చేసినట్టు. ఆ ఊహ పటికబెల్లం ముక్కలా నోట్లో కరుగుతుంటే ఆవిడ లేచింది.

షెడ్డు తాళం సదాశివరావే తీశాడు. శనివారం అబిగెయిల్‌ను బయటికి మోసుకెళ్ళాక అతని మనుషులు తప్ప ఎవరూ లోపలికి వెళ్ళలేదు. తలుపు తియ్యగానే విరిగిన పాల కంపు గుప్పుమని కొట్టింది. సదాశివరావు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వార్డుల్లో ఇంతకన్నా ఘోరమైనవి పీల్చిన జ్ఞానకుమారి కావాలనే గట్టిగా ఊపిరి తీసుకుంది.

పొడుగాటి బల్ల. దాని మీద పరిచిన గుడ్డ, ఆరిపోయి లేత పసుపుగా ఉంది. కింద నాలుగు నీలం బక్కెట్లు. బల్లకీ గోడకీ మధ్య నేల మీద ఎండిన రక్తం. గోడకు ఆనించిన వెదురుకర్ర కింది భాగం మీద కూడా ఎర్రటి చుక్కలు. అవతలివైపు, కాలవ పక్కకి తెరుచుకునే చిన్న తలుపు.

"ఆ తలుపుకి తాళం ఉండదా?"

"ఉండకూడదట. నిప్పంటుకుంటే జనం బయటపడాలని అబిగెయిల్ మేడమే తీయించింది. శనివారం తర్వాతే మావాళ్ళు గడియ బిగించారు. తలుపుకేం గానీ, ఇదిగో కర్ర చూడండి. కోటయ్య గుడ్డలు కలిపే కర్ర. రక్తం. ఇంకేం కావాలి మీకు?"

"నిన్న రాత్రి ఆస్పత్రిలో అబిగెయిల్‌కి కట్టు మార్చేటప్పుడు నేను పక్కనే ఉన్నాను సదాశివరావుగారూ. వెదురు దెబ్బకి బొప్పి కడుతుంది, చర్మం చిట్లుతుంది. అంత లోతుగా గుంట పడదు. ఏదో బరువైనది, అంచు ఉన్నది. కర్ర మీద ఉన్నవి చుక్కలు. దానితోనే కొడితే చుక్కలు పడవు, పూసుకుంటుంది. అది పక్కన నుంచుని చూసిన కర్ర, కొట్టిన కర్ర కాదు."

సదాశివరావు దగ్గాడు. టీవీలో జవాబు తట్టనప్పుడు కూడా అతను ఇలాగే దగ్గుతాడని ఆవిడకు తెలుసు. ఏ కార్యక్రమమూ వదలకుండా చూస్తుంది.

అప్పుడు కనబడింది మచ్చ. గుడ్డకి ఒక చివర, మూరెడు పొడవున, కాటుక లాంటి నలుపు. ఒక కొసన రెండు గుండ్రాలు. అక్కణ్ణించి మొదలైన మందపాటి చార, పోనుపోనూ సన్నబడి మొనతేలింది.

"కోటయ్య రంగు," అన్నాడు సదాశివరావు. "ఎక్కడపడితే అక్కడ పూస్తాడు."

"ఇది పూసింది కాదు. ఏదో పెట్టి తీసేసినట్టుంది."

జ్ఞానకుమారి ఆ నలుపు కేసి చూస్తూ ఉండిపోయింది. ఇంత నలుపు తను ఎక్కడో చూసింది. ఎక్కడ? ఒక్కసారిగా వార్డులోని ఎనిమిదో నంబరు మంచం ముసలాయన గుర్తొచ్చాడు. రక్తం పట్టడానికి ఇచ్చిన ఐరన్ టానిక్ చేదుగా ఉందని టీలో పోసుకున్నాడు. టీ కాస్తా సిరాలా నల్లబడింది. నర్సు విషం పెట్టిందని ఆయన వార్డంతా ఎగిరిపడేలా అరిచాడు. ఇనుమూ వగరూ కలిస్తే నలుపు, అందుకే ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. మరి కరక్కాయను మించిన వగరు ఏముంది?

"కోటయ్యను పిలిపించండి."

అతను వచ్చి గుమ్మంలో ఆగి, గుడ్డ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇనుమెవరు పెట్టారండీ దీని మీద? ఇనుము తగిల్తే నల్లబడిపోద్ది! మొలతాడుకి తాళంచెవి ఉన్నా బయట మేకుకి తగిలించి రావాలని మావోళ్ళకి చెప్పే ఉంచాను. అందుకేగా ఆయమ్మ ప్లాస్టిక్ బక్కెట్లు తెచ్చింది."

జ్ఞానకుమారి సంచిలోంచి తన పాత ఇనప తాళంచెవి తీసి, కుళాయి కింద తడిపి, గుడ్డ మీద ఒక మూలన పెట్టి నొక్కింది. కాసేపటికి తీసి చూస్తే తాళంచెవి ఆకారం బూడిదరంగులో తేలి, చూస్తుండగానే నల్లగా చిక్కబడింది.

సదాశివరావు వంగి రెండు మచ్చల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడు ఆ పెద్ద మచ్చ చూడండి. రెండు గుండ్రాలు వేళ్ళు దూర్చే వంకీలు. మిగతాది అలుగు. కత్తెర సదాశివరావుగారూ. దర్జీల ఇనపకత్తెర, శేరు బరువుంటుంది. తల మీద కొట్టి, తడిగుడ్డ మీద పెట్టి, తర్వాత తీసుకుపోయారు."

"పైన కుట్టే హాల్లో వంద కత్తెరలున్నాయి."

"వెళ్ళి చూసి రండి. ప్రతి కత్తెరా బల్లకి గొలుసుతో కట్టేసి ఉంటుంది. బట్టల్లో మొనలు, ముక్కలు పోకూడదని అబిగెయిల్ పెట్టిన పద్ధతే. గార్డు గదికి వచ్చే ముందే పైకెళ్ళి చూశాను. అన్నీ స్టీలువి, ప్లాస్టిక్ పిడులవి."

అతను నిజంగానే వెళ్ళాడు. మెట్లు దిగి వచ్చేటప్పుడు తాళాలు తిప్పడం లేదు.

"కోటయ్యకి కత్తెర ఉండొచ్చుగా?" అన్నాడు, చివరి ప్రయత్నంగా.

"మేం గుడ్డ చింపుతామండి, కత్తిరించం," అన్నాడు కోటయ్య. "చింపితేనే నూలు పోగెమ్మట తిన్నగా వస్తది."

"వినబడిందా? ఈ షెడ్డు సంగతి తెలిసినవాళ్ళెవరూ ఇక్కడ ఇనుము పెట్టరు. పెట్టిన మనిషికి ఇది మామూలు తెల్లగుడ్డలా కనిపించింది. అప్పటికి మరక లేదు కాబట్టి జాడ వదిలానని తెలీకుండానే ఆ కాలవ తలుపు గుండా వెళ్ళిపోయారు." జ్ఞానకుమారి గొంతులో పాట పలికింది. "కోటయ్యను ఐదింటికి అప్పగించి, రేపు మీ ఫోటో పేపర్లో చూసుకుందురుగాని. ఎల్లుండి ఈ గుడ్డ నేను చూపిస్తాను."

నవ్వేవాళ్ళ ముందు జారిపడ్డట్టయింది సదాశివరావు పరిస్థితి. ఆ మొహం చూడటానికి ఎన్నేళ్ళు కాచుకుని కూర్చుందో ఆవిడకే తెలుసు. తృప్తిగా, కళ్ళారా, మరీ మరీ చూసుకుంది.

"సరే. కోటయ్యను వదిలేస్తాను."

"అది చాలదు. ఆస్పత్రిలో మీ కాపలావాణ్ణి కూడా తీసెయ్యండి."

"దానికీ దీనికీ సంబంధం ఏంటి? నా మనిషి అక్కడుంటే మీకేం నొప్పి?"

"మీ మనిషి కాబట్టే నొప్పి. మీరు మల్హోత్రా జీతగాళ్ళు. ఆ పిల్ల కళ్ళు తెరవగానే మీకు కావలసిన పేరు చెవిలో ఊదడానికి కూర్చోబెట్టారు."

"సిస్టరుగారూ, కోపం పక్కనపెట్టి ఆలోచించండి." మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. "కొట్టింది బయటిమనిషని మీరే తేల్చారు. అమ్మాయికి తెలివి వస్తోంది. కాపలా పెంచాల్సిన వేళ తియ్యమంటారేం?"

మాట సబబే. ఇంకెవరి నోట వచ్చినా జ్ఞానకుమారి వినేది. అది సదాశివరావు నోట వచ్చింది, అదొక్కటే దాని తప్పు.

"అక్కడ భావన ఉంది. సొంత మనిషిలా చూసుకుంటోంది. తీస్తారా, లేక ఈ గుడ్డ పట్టుకుని ఇప్పుడే పోలీసు స్టేషనుకి వెళ్ళనా?"

అతను పళ్ళు కొరుక్కుంటూ ఫోను తీశాడు. "ఆ, నేనే. వచ్చెయ్. అవును, ఇప్పుడే." ఫోను జేబులో వేసుకుని, "సంతోషమేనా?" అని కారు వైపు నడిచాడు.

సంతోషమే. గేటు పక్కన టీ బండి దగ్గర నుంచుని, అల్లం ఎక్కువ వేయించుకుని, ఆ సంతోషాన్ని గుక్క గుక్కగా తాగింది. కారు ఇంకా కదల్లేదు. లోపల అతను మల్హోత్రాకి ఫోనులో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. చేతులు ఊపుతున్నాడు. అదీ బాగానే ఉంది.

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. భావన.

"ఆంటీ, థాంక్యూ! వాడు ఇప్పుడే లేచి వెళ్ళిపోయాడు. మీరు గ్రేట్!"

"అబిగెయిల్ ఎలా ఉంది?"

"వేళ్ళు కదుపుతోంది. పెదాలు కూడా. సిస్టర్ చూసి, బహుత్ అచ్ఛా సైన్ అంది."

"ఇంకో మంచివార్త. కోటయ్య కాదమ్మా. తేలిపోయింది."

అటువైపు ఏదో కింద పడ్డ చప్పుడయింది. తర్వాత భావన నవ్వు లాంటిది నవ్వింది.

"అరే, కోటయ్య కాకపోతే ఇంకెవరు ఆంటీ? ఆ షెడ్డులోకి వేరే ఎవరు వెళ్తారు? కొత్త నీలం బక్కెట్లలో నిండా పాలు, ఛీ, ఆ పచ్చి వాసనకి తల తిరుగుతుంది. వాడు తప్ప ఎవరూ అక్కడ నిలబడలేరు. మీరు మళ్ళీ ఆలోచించండి, ప్లీజ్. నేను తర్వాత చేస్తాను."

ఫోను పెట్టేసింది.

జ్ఞానకుమారి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. బక్కెట్లు కొన్నది శనివారం పొద్దున. ఈ ఊళ్ళో ఆ షెడ్డులోకి పాలు రావడం అదే మొదలు. మధ్యాహ్నానికి తాళం పడింది. దీపావళి తర్వాత ఓఖ్లా మొహం చూడని పిల్లకి బక్కెట్ల రంగు ఎలా తెలుసు? అబిగెయిల్ ఫోనులో చెప్పి ఉంటుందా? రంగు చెప్పొచ్చు. వాసన ఎవరూ ఫోనులో పంపలేరు. పైగా తను ఇప్పుడు ముక్కుతో పీల్చింది విరిగిన పాల కంపు. భావన చెప్పింది పచ్చి పాల వాసన. అది శనివారం మధ్యాహ్నం అక్కడ నుంచున్న మనిషికే తెలుస్తుంది.

ఫ్యాషన్ డిజైన్ చదివిన పిల్ల దగ్గర దర్జీ కత్తెర లేకుండా ఎలా ఉంటుంది?

గ్లాసు బండి మీద పెట్టి పరుగెత్తింది. కదలబోతున్న కారు అద్దాన్ని అరచేత్తో దబదబ బాదింది. సదాశివరావు అద్దం దించాడు.

"మళ్ళీ ఏం కావాలి?"

"భావన. కొట్టింది భావన. ఇప్పుడు గదిలో ఆమె ఒక్కతే ఉంది."

ఆ క్షణంలో అతను ఒక్క మాట అనగలిగేవాడు. ఆ ఒక్క మాటా అంటాడనే ఆవిడ తలవంచుకుని నుంచుంది. అతను అవతలి తలుపు తెరిచాడు. "ఎక్కండి," అన్నాడు.

కారు రోడ్డెక్కగానే కాపలావాడికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మోటారుసైకిలు మీద ఉండి ఉంటాడు. జ్ఞానకుమారి గడియారం చూసి "అయ్యో దేవుడా," అంది. రెండు దాటింది. ఆస్పత్రిలో డ్యూటీ మారే వేళ. పాత వాళ్ళు కొత్త వాళ్ళకి కేసులు అప్పజెప్పడానికి చివరి గదిలో చేరతారు. ఆ పావుగంటా వార్డులో బల్ల దగ్గర ఈగ కూడా ఉండదు. పదిహేనేళ్ళు అలాగే చేసింది తనూ.

ఆస్పత్రి నంబరు తిప్పి, ఆపరేటరును మూడో అంతస్తు బల్లకి కలపమంది. మోగుతోంది. ఎవరో ఒకరు ఎత్తండి తల్లీ, ఎవరో ఒకరు.

"హలో?"

భావన గొంతు.

జ్ఞానకుమారి ఫోను పెట్టెయ్యబోయింది. కానీ ఒక్కటి తోచింది. ఈ ఫోను దగ్గర ఉన్నంతసేపూ ఈ పిల్ల ఆ మంచం దగ్గర ఉండదు.

"నేనేనమ్మా. నీ సెల్లు కలవడం లేదు. సిస్టర్లు లేరా?"

"అందరూ ఏదో మీటింగ్‌లో ఉన్నారు. మోగుతోందని ఎత్తాను. బోలియే ఆంటీ, చెప్పండి."

"ఒక సంగతి అడగాలనిపించింది. ఢిల్లీలో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చావు?"

"మీకు ఆ సదాశివరావు అంకుల్ అంటే పడదని విన్నాను. ఆయన ఏం చేసినా మీరు ఉల్టా చేస్తారని." దాపరికం లేకుండా చెప్పింది. "ఎందుకు?"

చిరాగ్ దిల్లీ దగ్గర రోడ్డంతా తవ్వేసి ఉంది. కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆగిపోయాయి. సదాశివరావు స్టీరింగు మీద వేళ్ళు బిగించి కూర్చున్నాడు. అతనికి ప్రతి మాటా వినబడుతుంది. వినబడితే వినబడనీ.

"నిజమే. పడదు. ఆయన కారు చూస్తే పడదు. ఆయన ఆఫీసు ముందు నుంచి బస్సు వెళ్తుంటే అటు తల తిప్పను. టీవీలో వస్తే మాత్రం అన్నం చల్లారిపోయినా లేవకుండా చూస్తాను, ఎక్కడైనా తడబడతాడేమోనని. నాకన్నా తెలివైనవాడు కాదు. నాకన్నా కష్టపడేవాడు కాదు. కానీ నేను పలకరించిన మనుషులు కూడా చివరికి ఆయన పేరే చెబుతారు. ఆ మంట నీకు తెలీదులే."

అటువైపు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడయింది.

"తెలుసు ఆంటీ," అంది భావన. గొంతు మారిపోయింది, చిన్నపిల్ల గొంతులా. "ఈ సంస్థ ఐడియా నాది. పేరు నేను పెట్టాను. రాత్రులు కూర్చుని స్లైడ్లన్నీ నేనే చేశాను. ఆ కోటయ్య పేరు మొదట తెచ్చింది కూడా నేనే. కానీ గుడ్డ పట్టుకుంటే అబ్బీకి తెలిసిపోతుంది, నాకు తెలీదు. అందరూ అబ్బీ, అబ్బీ. లండన్ నుంచి పిలుపు కూడా అబ్బీకే. 'నువ్వూ రా భావనా, ప్రొజెక్టర్ నడపాలిగా' అంది. ప్యార్ సే అంది ఆంటీ. ప్రేమగానే అంది."

"ఆ మాట షెడ్డులో అందా?"

తొందరపడ్డానని జ్ఞానకుమారి నాలుక కరుచుకుంది. ముందు కారు అంగుళం కదిలింది. సదాశివరావు రెండంగుళాలు కదిపాడు.

"భావనా, విను. నేను కూడా ఇవాళ ఒక పని చేశాను. ఆయన చెప్పింది మంచిమాట అని తెలిసీ, ఆయన చెప్పాడని వినలేదు. ఇప్పుడు ఆ తప్పు వెనక్కి తీసుకోవడానికి పరుగెడుతున్నాను. నీది కూడా తీసుకోవచ్చు. ఆ అమ్మాయి బతికే ఉంది. వినబడుతోందా? బతికే ఉంది."

"మరి ఆ మంట తగ్గిందా ఆంటీ మీకు? పరుగెడితే?"

జ్ఞానకుమారి పక్కకి చూసింది. సదాశివరావు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడి ఉన్నాయి.

"లేదు," అని నిజమే చెప్పింది. "తగ్గలేదు. అయినా వస్తున్నాను."

అటువైపు ఎక్కడో దూరంగా సన్నని మూలుగు. తర్వాత మాటలా ఏదో.

"ఏక్ మినిట్ ఆంటీ. అబ్బీ నన్ను పిలుస్తోంది."

"భావనా! ఆగు, మాట్లాడు! భావనా!"

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడయింది. చెప్పులు టపటపమంటూ దూరమయ్యాయి. సదాశివరావు హారను మీద చెయ్యి వేసి, తవ్విపోసిన మట్టి మీదికి కొత్తకారు ఎక్కించాడు. జ్ఞానకుమారి ఫోను నోటికి అడ్డంగా పెట్టుకుని, ఆ ఖాళీ వార్డులో ఎవరికైనా వినబడాలని, "సిస్టర్! సిస్టర్!" అని గొంతు పగిలేలా అరిచింది.

అవతల గది తలుపు మూసుకుంది.